మార్లవాయి గుడిసెలో మొదలైన పట్టాలు

కడెం, లక్నవరం లాంటి చోట్ల జలాశయం ఒడ్డున అతిథిగృహాలు వెలిశాయి. ఆసిఫాబాద్ వైపు కూడా ఆడ దగ్గర పెద్దవాగు మీద కుమ్రం భీం ప్రాజెక్టు నిండు నీటితో కళ్లను కట్టిపడేస్తుంది. కానీ ఈ కొండల చరిత్రను మలుపు తిప్పిన విడిది ఏ నీటి ఒడ్డునా లేదు. కెరమెరి ఘాట్ ఎక్కి జైనూరు వైపు వెళ్తే వచ్చే మార్లవాయిలో, గోండుల ఇళ్ల మధ్య వేసుకున్న గుడిసె అది. అందులో ఉన్నది ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ.

వాళ్లు ఇక్కడికి రావడానికి కారణం గోండు వీరుడు కుమ్రం భీం నెత్తురు. తరతరాలుగా పోడు చేసుకుంటున్న నేలను నిజాం సర్కారు రిజర్వు అడవిగా గీత గీసింది. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. చౌకీదారులు, పట్వారీలు చెప్పిందే చట్టం. కాగితాలు తెలిసిన బయటివాళ్ల పేర్లకు గోండుల చేలు మారిపోయాయి. జల్, జంగల్, జమీన్ మావేనంటూ భీం జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టాడు. 1940లో పోలీసు కాల్పుల్లో అక్కడే నేలకొరిగాడు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన శత్రుదేశపు పౌరుడు, హైదరాబాద్ రాజ్యం దాటడానికి వీల్లేదు. అప్పటికే చెంచులు, కొండరెడ్ల మధ్య తిరిగివున్నాడు. మార్లవాయిలో గోండుల భాష నేర్చాడు, వంశదేవత పెర్సాపేన్ పూజల్లో కూర్చున్నాడు, దండారీ నృత్యాలు చూశాడు. ఆ పరిశోధన 1948లో పుస్తకమైంది. నా దృష్టిలో దానికన్నా ఎంతో పెద్ద పని భూమి విషయంలో జరిగింది. సాగుచేసేవాడికే పట్టా ఇవ్వాలని ఆయన సర్కారుకు రాశాడు, పట్టుబట్టాడు. తర్వాతి ఏళ్లలో సుమారు లక్షా 60 వేల ఎకరాలు, 11 వేల మందికి పైగా ఆదివాసీల పేరున పట్టాలయ్యాయి. మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నడిచింది, గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ పట్టాలు ఒక విదేశీయుడి దయ కాదు. భీం ప్రాణమిస్తేనే సర్కారు ఆయన్ను పంపింది, ఆయన మాట విన్నది. జోడేఘాట్ లేకుండా మార్లవాయి లేదు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే సమాధి మార్లవాయిలోనే కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించగా, ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు, తమ పెద్దలకు చేసినట్టే. గుస్సాడి నృత్య కళాకారుడు కనకరాజుదీ ఈ ఊరే. 2021లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో వెళ్లిపోయారు.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీం పేరు పెట్టుకున్నాం. పోడు పట్టాల కోసం ఈ కొండల్లో అర్జీలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జోడేఘాట్ మ్యూజియం చూడ్డానికి వెళ్లేవాళ్లు దయచేసి అక్కడే వెనుదిరగొద్దు. మార్లవాయి దాకా వెళ్లండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, ఆ సమాధుల దగ్గర నిలబడి పట్టాల కథ ఊరి పెద్దల నోటే వినండి.