అవార్డు సినిమా అని నిద్రపోకండి!

ఆదివారం మధ్యాహ్నం. అన్నాలైపోయాయి. దూరదర్శన్‌లో ఏ బెంగాలీదో, మలయాళానిదో ఒక సినిమా మొదలయ్యేది. తెర మీద ఒకావిడ బావి దగ్గర బిందె పెట్టుకుని అలా నిలబడే ఉండేది. "ఇదేందిమే, అవార్డు సినిమానా? ఇంక నన్ను కాఫీకి లేపు!" అంటూ మా అమ్మ చాప పరిచేది. మా ఇంట్లో అవార్డు సినిమా అంటే కునుక్కి ఇంకో పేరు. మీ ఇళ్లలోనూ అంతేగా?

ఆ కునుకు తీయని పిల్లని నేనొక్కదాన్నే. బావి దగ్గర ఆవిడ ఎందుకలా నిలబడిపోయిందో తెలిసేదాకా లేచేదాన్ని కాదు. పెళ్లై, పిల్లలు పుట్టి, నాయుడుపేటలో సంసారం చేసుకుంటున్నా ఆ పిచ్చి మాత్రం పోలేదు.

సినిమా పిచ్చికి మా వైపు లోటేం లేదు లెండి. మాకు దగ్గర్లోనే సూళ్లూరుపేట వద్ద 2019లో తెరిచిన వి ఎపిక్ తెర ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. పెద్ద హీరో సినిమా పడిందంటే చెన్నై నుంచి కూడా కార్లేసుకుని వస్తారు. అంత పెద్ద తెర పక్కనే పెట్టుకుని, నేను మెచ్చే సినిమాలు మాత్రం ఇంట్లో టీవీలోనో, వంటింటి గట్టు మీద ఆనించిన ఫోన్‌లోనో చూస్తుంటాను. ఎక్కువమంది ఆడవాళ్ల సంగతీ ఇదే. అందుకే నేను చూసిన కొన్నింటి గురించి మీతో చెప్పాలనిపించింది.

కుక్కర్‌ని కౌగిలించుకున్న నర్సు

పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. అక్కడి ప్రధాన పోటీకి మన దేశపు సినిమా వెళ్లడం ముప్ఫై ఏళ్ల తర్వాత అదే మొదలు. పాయల్ చదువుకున్నది మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లోనే. చిత్రాన్ని మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. అంటే మనకి మరీ దూరపు చుట్టమేం కాదన్నమాట!

కథ చిన్నది. ప్రభ ముంబయిలో నర్సు. పెళ్లవగానే జర్మనీ వెళ్లిన భర్త ఏడాదికి పైగా ఫోనే చెయ్యడు. ఒకరోజు జర్మనీ సరుకు రైస్ కుక్కర్ ఒకటి ఇంటికొస్తుంది. పంపిందెవరో పేరుండదు. రాత్రి పూట ఒంటరిగా కూర్చుని ఆమె ఆ కుక్కర్‌ని దగ్గరికి తీసుకుంటుంది. ఏడుపు లేదు, డైలాగు లేదు.

మా అత్తమ్మ అంతసేపూ "పాట రాదా? ఫైటింగ్ రాదా?" అని సణుగుతూనే ఉన్నారు. ఆ సీను రాగానే మాట ఆగింది. కాసేపటికి, "మీ మామ కువైట్‌లో ఉన్నప్పుడు ఒక గోడ గడియారం పంపినారు. రోజూ దాన్ని తుడిచేదాన్ని" అన్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయింది. ఆ గడియారం రోజూ చూస్తున్నాను. దాని కథ ఆ రోజే విన్నాను. ఇంతకంటే ఆ సినిమాకి నేనేం మార్కులు వేయను చెప్పండి!

ముప్ఫై అయిదు మార్కుల అమ్మ

ఇంకోటి మన జిల్లా కథే. 2024 సెప్టెంబరులో వచ్చిన '35 చిన్న కథ కాదు'. నందకిశోర్ ఈమాని దర్శకుడు. ఆ ఏడాది గోవా అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఇండియన్ పనోరమాకి ఎంపికైంది. తిరుపతిలో ఉండే సరస్వతి పదో తరగతి తప్పిన ఇల్లాలు. కొడుకు అరుణ్‌కి లెక్కలంటే భయం కాదు, సందేహాలు! సున్నాకి విలువే లేదన్నప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడుగుతాడు. మాస్టారు వాడికి 'జీరో' అనే పేరు పెడతాడు. వాడికి ముప్ఫై అయిదు మార్కులు రావాలంటే ముందు తానే నేర్చుకోవాలని తల్లి లెక్కల పుస్తకం పడుతుంది. సరస్వతిగా నివేదా థామస్ నటన నాకెంతో నచ్చింది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో 2024కి ఉత్తమ నటిగా ఆమెనే ఎంచింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి లెక్కల్లో వెనకబడిందని ప్రోగ్రెస్ కార్డు తెచ్చిన ప్రతిసారీ, "పోనీలే, మన వంశంలోనే లెక్కల్లేవు" అని నవ్వుతూ సంతకం పెట్టేదాన్ని. ఓదార్పు అనుకున్నాను. సినిమా అయ్యాక అది నా కొంగు పట్టుకుని, "అమ్మా, నీకు లెక్కలు రావా, లేక నువ్వే వదిలేసినావా?" అనడిగింది. జవాబు చెప్పలేకపోయాను. వదిలేసిందాన్ని నేను. ఆ వదిలేయడాన్నే దానికి ఆస్తిలా రాసిస్తున్నాను!

ఆ మర్నాటి నుంచి సాయంత్రం అరగంట ఇద్దరం భిన్నాలు పట్టుకుని కూర్చున్నాం. అద్భుతాలేం జరగలేదండీ. అది ఫస్టు రాలేదు. కానీ కార్డు దాచడం మానేసింది.

అన్నీ మెచ్చుకోను సుమా!

చిన్న సినిమా కాబట్టి గొప్పదే అనడం కూడా మొహమాటమే. పేదరికాన్ని బొమ్మల కొలువులా పేర్చి చూపించేవి ఉన్నాయి. పొయ్యి మీది గిన్నెని ఎందుకో తెలీకుండా అయిదు నిమిషాలు చూపించేవీ ఉన్నాయి. ఆ గిన్నె రోజూ మూడు పూటలా చూసేవాళ్లం, మాకెందుకు!

2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' నాకిష్టం. విశాఖలోని ఆ పేట జనమే చాలావరకు నటించారు. నిర్మాత పరుచూరి ప్రవీణ ఒక ముఖ్య పాత్ర కూడా వేసింది. న్యూయార్క్ భారతీయ చిత్రోత్సవంలో చూపించాకే ఇక్కడ విడుదలైంది. అయితే ఒక్క కొరత. కథంతా రాజు వైపు నుంచే నడుస్తుంది. నలభై దాటాక, ఎదిగిన కూతురుండగా మళ్లీ పెళ్లికి సిద్ధపడిన రాధ అన్నేళ్లు ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చిందో నాకు చూడాలనుంది. అది ఇంకో సినిమాకి సరిపడా కథ.

అలాగే పి.ఎస్. వినోద్‌రాజ్ తమిళంలో తీసిన 'కొట్టుక్కాళి'. 2024లో బెర్లిన్ వెళ్లింది. ప్రేమించిన పిల్లకి దయ్యం పట్టిందని ఇంటిల్లిపాదీ ఆటోలో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. సంగీతమే ఉండదు. దారి పొడుగునా విసుగొచ్చింది, ముగింపు తేల్చకుండా వదిలేశారని కోపమూ వచ్చింది. కానీ నోరు విప్పని ఆ మీనా మొహం మాత్రం వారం రోజులు నన్ను వదల్లేదు.

మరి ఎలా చూడాలంటారా?

ఇలాంటివి ఒక్కరే చూడకండి. మా వీధిలో నలుగురం నెలకోసారి ఎవరింట్లోనైనా కూర్చుంటాం. మొదటి పావుగంట ఫోన్లు పక్కన పెట్టడం ఒక్కటే నియమం. అక్షరాలు చదవలేని పెద్దవాళ్లుంటే ఒకరు మెల్లగా చెబుతుంటారు. అయ్యాక టీ తాగుతూ, "ఆమె స్థానంలో మనముంటే?" అని ఒక్క ప్రశ్న వేసుకుంటాం. సినిమా కంటే ఆ మాటలే ఎక్కువసేపు నడుస్తాయి.

ఇంట్లో ఆడపిల్లలుంటే రీమా దాస్ 'విలేజ్ రాక్‌స్టార్స్' చూపించండి. అస్సాం పల్లెలో ఆమె ఒక్కతే రాసి, కెమెరా పట్టి, ఎడిటింగ్ చేసి, దర్శకత్వం వహించిన సినిమాకి 2017 సంవత్సరపు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. గిటారు కావాలనుకునే ధును అనే పిల్ల కథ అది.

మొన్న మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. టీవీ పెట్టబోతుంటే, "అవార్డు సినిమానా?" అంది. అవునన్నాను. చాప పరుచుకుంటుందనుకున్నాను. దిండు గోడకి ఆనించుకుని కూర్చుంది. "చూస్తాలే. ఆ బావి కాడ ఆమెకి ఏమైందో అప్పుడూ చూళ్లేదు" అంది.