జట్టు మనది, తాళంచెవి ఎవరిది?

తుని స్టేషన్ నుంచి ఒకవైపు వెళ్లే బండి హౌరా చేరుస్తుంది. మరోవైపు వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ హైదరాబాదు చేరుస్తుంది. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటకు దేశమంతటా పేరుపడ్డ ఊళ్లే ఈ రెండూ. మధ్యలో ఉన్న మన తునిలో మాత్రం ఆ ఆటకు అంత ఆదరణ లేదు. ఇక్కడ కుర్రవాళ్ల ప్రాణమంతా క్రికెట్టు, కాస్త కబడ్డీ. అయినా ఆ రెండు ఊళ్ల ఫుట్‌బాల్ కథ మన ఇళ్లకు సంబంధించినదే.

ప్రియ చదువరులారా, తన జట్టు ఓడిన రాత్రి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునే అబ్బాయి మనలో చాలామందికి తెలుసు. పిలిస్తే పలకడు. తల్లి కంచం మూతవేసి పెడుతుంది. తెల్లవారి కూడా వాడు “మన జట్టు ఓడిపోయింది” అనే అంటాడు. ఆ “మన” అన్న మాట ఎంతవరకు నిజమో కొంచెం చూద్దాము.

ముందు కలకత్తా సంగతి. అక్కడ మోహన్ బగాన్ క్లబ్బు 1889లోనూ ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లోనూ పుట్టాయి. మొదటిది స్థానికులది, రెండోది తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారిది అని పేరు. దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చిన కుటుంబాలకు ఈస్ట్ బెంగాల్ గెలిచిందంటే, పోయిన ఊరు ఒక్క సాయంత్రానికి తిరిగి దొరికినట్టే. ఆ జట్టు గెలిస్తే వారి ఇళ్లలో ఇలీశ చేప వండుతారు. మోహన్ బగాన్ గెలిస్తే అవతలి ఇళ్లలో రొయ్యలు. ఇలీశ అంటే మరేదో కాదు, గోదావరికి ఎదురీది వచ్చే మన పులసే. పులసనూ రొయ్యనూ ఒకే ఇష్టంతో తినే గోదావరివాళ్లకు అవి రెండు పార్టీలు కావడం వింతగానే ఉంటుంది.

ఈ పంతము ఎప్పుడూ వంటింటితో ఆగలేదు. 1975 సెప్టెంబరు 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో మోహన్ బగాన్ 5–0 తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి భరించలేక ఒక యువ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. మైదానంలో ఓడినవాళ్లు మళ్లీ ఆడారు, మళ్లీ గెలిచారు. ఆ తల్లికి మాత్రం కొడుకు తిరిగి రాలేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల ఆట జరుగుతుండగా గ్యాలరీలో కొట్లాట రేగి, తొక్కిసలాటై 16 మంది చనిపోయారు. ఆ తేదీ రోజున కలకత్తాలో అభిమానులు రక్తదానం చేసే ఆనవాయితీ ఏర్పడింది. చనిపోయినవారిని తలచుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తోచదు.

ఇంత ప్రేమించిన క్లబ్బులకు కూడా డబ్బు చాలలేదు. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టులో 80 శాతం వాటా సంజీవ్ గోయెంకా సంస్థ చేతికి వెళ్లింది. ఆ సంస్థకు అంతకుముందే ఏ.టి.కె. అనే జట్టు ఉండేది. ఆ మూడు అక్షరాలూ పాత పేరుకు ముందు చేర్చారు. నూట ముప్పై ఏళ్ల పేరుకు ముందు మరో పేరా అని అభిమానులు మండిపడ్డారు. వీధుల్లోనూ స్టేడియంలోనూ దాదాపు మూడేళ్లు “తీసెయ్యండి” అన్నదే వారి నినాదం. 2023 మార్చిలో జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచిన రాత్రి, ఆ అక్షరాలు తొలగిస్తున్నట్టు యజమానే ప్రకటించాడు. వారి చేతుల్లో వాటాలు లేవు. ఉన్నది పట్టుదల, పెద్ద సంఖ్య. కలకత్తాలో ఆ రెండూ చాలాయి.

హైదరాబాదులో చాలలేదు.

హైదరాబాదు కథ ఇంకా ఘనంగా మొదలైంది. ఆ రోజుల్లో జట్టు నగర పోలీసు శాఖది, ఆటగాళ్లు ఆ శాఖ ఉద్యోగులు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచారు. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించారు. వారిని తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడిపంతులు. భారత జట్టుకు కూడా ఆయనే గురువు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనను క్యాన్సరు పట్టుకుంది. మరుసటి సంవత్సరం జూన్‌లో కన్నుమూశారు. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోయాయి. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం పేరు తెచ్చుకున్నది ఈస్ట్ బెంగాల్‌లోనే. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే ముసలివాళ్లు చెప్పుకునే కబుర్లుగా మిగిలింది.

2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు వచ్చింది. ఇది పాతకాలపు క్లబ్బు కాదు, ఫ్రాంచైజీ. క్లబ్బు అంటే చందా కట్టే సభ్యుల సంఘము. ఫ్రాంచైజీ అంటే లీగులో ఒక స్థానం కొనుక్కున్న కంపెనీ, బంకు లైసెన్సు లాంటిది. లైసెన్సు ఉన్నవాడు బంకును ఈ ఊళ్లోనూ పెట్టవచ్చు, లాభం లేదనుకుంటే ఇంకో ఊరికీ మార్చవచ్చు.

మొదటి సంవత్సరం ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. మూడో సంవత్సరం ఛాంపియన్ అయింది! 2022 మార్చి 20, ఆదివారం, గోవాలోని ఫతోర్డా స్టేడియం కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు చొక్కాలతో నిండిపోయింది. ఒక గోలు వెనకబడిన హైదరాబాదు 88వ నిమిషంలో సమం చేసింది. పెనాల్టీలలో గోల్‌కీపరు కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3–1తో కప్పు మనది. డెక్కన్ లీజియన్ అనే అభిమాన బృందానికి అది పండుగ.

రెండేళ్లు తిరగకుండానే ఇల్లు కూలింది. 2023–24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు, పేరున్న మనవాళ్లు వెళ్లిపోయారు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రవాళ్లు 22 ఆటల్లో ఒక్కటే గెలిచారు. ఓడిపోతున్నా ప్రతివారం మైదానంలోకి దిగిన ఆ పిల్లలంటే, కప్పు గెలిచినవారికన్నా నాకు ఎక్కువ గౌరవం. 2024లో జట్టు జిందాల్ కుటుంబానికి చెందిన బి.సి. జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త పేరు పెట్టుకుంది. జట్టు ఆడిన గచ్చిబౌలి స్టేడియం మాత్రం అక్కడే ఉంది. దానికి మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002లో కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు.

ఎంత ఘోరంగా ఓడినా అభిమానికి వచ్చే ఏడు అనేది ఒకటి ఉంటుంది. జట్టే ఊరు విడిచిపోతే ఆ వచ్చే ఏడు కూడా ఉండదు. అన్యాయమే. అయితే ఒక సంగతి మరువకూడదు. హైదరాబాదు వచ్చిన ఆ స్థానం అంతకుముందు పుణేది. 2019లో ఎఫ్.సి. పుణే సిటీ మూతపడితేనే హైదరాబాదు జట్టు పుట్టింది. మనం సంబరపడ్డ రోజున పుణేలో కొందరు కుర్రవాళ్లు తమ జెండాలు మడిచి పెట్టెలో పెట్టుకున్నారు. అప్పుడు వారిని గురించి మనమెవ్వరమూ అడగలేదు.

ఇంగ్లండులో ఇలాగే జరిగింది. 2002లో వింబుల్డన్ జట్టును సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. తలా కొంత వేసుకొని, ఊరి మైదానంలో ఆటగాళ్లను పరీక్షించి ఎంపిక చేసుకొని, తొమ్మిదో అంచెలో సొంత జట్టు మొదలుపెట్టారు. 2011లో అది ప్రధాన లీగులోకి ఎక్కింది. 2020లో తమ పాత వీధిలోనే కొత్త స్టేడియంలోకి అడుగుపెట్టింది. యజమాని ఎవరంటే అభిమానుల ట్రస్టు. జర్మనీలో ఈ మాట నియమంగానే ఉంది. 1998 నుంచి అక్కడి పెద్ద జట్లలో, కొద్ది మినహాయింపులతో, సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలి.

మన సంఘాలవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఆ దేశంలో చాలా జట్లు పుట్టింది దేవుని మందిరాల నీడలోనే. ఆస్టన్ విల్లాను 1874లో ఒక వెస్లియన్ చాపెల్ యువకులు మొదలుపెట్టారు. ఎవర్టన్ 1878లో ఒక మెథడిస్టు చాపెల్‌లో పుట్టింది. కెనడా బాప్టిస్టు మిషన్ మన తునిలో కేంద్రం తెరచింది కూడా ఆ సంవత్సరమే. మాంచెస్టర్ సిటీ మూలం 1880లో సెయింట్ మార్క్స్ అనే చర్చి జట్టు. యువకులను తాగుడు నుంచీ ముఠా తగాదాల నుంచీ తప్పించాలని ఆ చర్చివారు ఆటలు పెట్టారు. 2008 నుంచి ఆ జట్టు అబుదాబి రాజకుటుంబీకునిది. ఎవర్టన్‌ను 2024 డిసెంబరులో ఒక అమెరికా కంపెనీ కొన్నది. చందాల పెట్టెతో మొదలైనవి ఎక్కడికి చేరాయో చూడండి.

ఇక మన ఇళ్లకు వద్దాము. క్రికెట్టులో హైదరాబాదుకు మొదట ఉన్న ఐ.పి.ఎల్. జట్టు డెక్కన్ ఛార్జర్స్. 2009లో కప్పు గెలిచి, 2012లో యజమాని ఆర్థిక ఇబ్బందుల్లో రద్దయిపోయింది. తరువాత వచ్చిన సన్‌రైజర్స్ జట్టు చెన్నై కంపెనీది. 2024 మే 26న ఫైనల్లో ఆ జట్టు 113 పరుగులకే కుప్పకూలింది. అలాంటి రాత్రులలో కొన్ని ఇళ్లలో మూతపడేది అన్నం కంచం ఒక్కటే కాదు. పందెం కాసినవాడికి ఆ ఓటమి మరునాటికి అప్పుగా మారుతుంది. పుస్తె తాకట్టుకు వెళ్లాక గాని ఇల్లాలికి తెలియదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. కానీ పందేలు ఫోనులోనే జరగాలని ఎక్కడుంది? కిళ్లీకొట్టు దగ్గరా జరుగుతాయి.

ఓడిన జట్టు యజమానికి టీవీ హక్కుల సొమ్ము ఎలాగూ వస్తుంది. ఆటగాడికి వేలంలో పాడిన ధర వస్తుంది. మన అబ్బాయికి వచ్చేది కోపం ఒక్కటే. దాన్ని ఇంటికి తెస్తాడు, లేదా ఎదుటి జట్టువాణ్ణి మెచ్చుకున్న స్నేహితుడి మీద చూపిస్తాడు.

సంక్రాంతి వస్తే తాండవ నదికి ఇవతల తునిలోనూ అవతల పాయకరావుపేట వైపు ఊళ్లలోనూ టోర్నమెంట్లు పెడతారు. బ్యాట్లు, బంతులు, చొక్కాలు ఎవరో పెద్దమనిషి కొనిపెడతాడు. చొక్కా మీద ఆయన పేరు. మరుసటి ఏడు కెప్టెన్ ఎవరన్నదీ ఆయనే చెబుతాడు. ఆ తరువాతి ఏడు ఎన్నికలు లేకపోతే చొక్కాలూ ఉండవు, జట్టూ ఉండదు. పదకొండు మంది నెలకు యాభై రూపాయల చొప్పున వేసుకుంటే సంవత్సరానికి 6,600 అవుతుంది. బ్యాట్లకు, బంతులకు అది చాలదా? లెక్కలు రాయడం రాదంటారేమో. ప్రతి సంఘములోనూ స్త్రీల సమాజమువారు పైసాతో సహా రాసి, నెలనెలా చదివి వినిపిస్తారు. వెళ్లి వారిని అడగండి, నేర్పుతారు. మొదటి సంవత్సరం ఆ పుస్తకం ఎవరింట్లో ఉండాలన్న దాని మీదే తగవు వస్తుంది. రానివ్వండి, అది సొంతదారుల తగవు.