పాత ఇంటికి కొత్త వెలుగు

ఒక తరం వారు ఎలా జీవించారో వారి ఇంటి గదుల అమరికే తెలియజేస్తుంది. ఇంగ్లండును విక్టోరియా రాణి పరిపాలించిన 1837–1901 సంవత్సరాల మధ్య అక్కడ లక్షలాది ఇళ్ళు వెలిశాయి. వాటిలో ఎన్నో నేటికీ నివాసయోగ్యంగా ఉన్నాయి. అయితే వాటిలో నివసించేవారిని బాధించే కొరత ఒకటి ఉంది. అదే వెలుతురు లేమి.

లండన్ వంటి నగరాలలో ఈ ఇళ్ళు ఉమ్మడి గోడలతో ఒకే వరుసలో ఉంటాయి. వీధివైపు ఉండే అతిథుల గదిని సొగసుగా తీర్చిదిద్దేవారు. వంటగదిని, అంట్లు తోమే గదిని మాత్రం వెనుకవైపు సన్నని భాగంలో అమర్చేవారు. కలిగినవారి ఇళ్ళలో అది సేవకులు మసలే చోటు. అందువల్ల అక్కడి చీకటిని యజమానులు అంతగా పట్టించుకోలేదు. నేడు వండేవారు, తినేవారు, చదువుకొనే పిల్లలు ఒకేచోట కూడి ఉండాలని కోరుకుంటున్నారు. కనుక తోటవైపు ఇంటిని పొడిగించి, వెలుగు నిండిన భోజనశాలను నిర్మించుకొంటున్నారు.

వంటగదికి, పొరుగువారి సరిహద్దు గోడకు నడుమ ఒక ఇరుకు సందు ఉంటుంది. సాధారణంగా ఆ సందును గదిలో కలుపుకొంటారు. అందుకు పాత వెలుపలి గోడను తొలగించవలసి వస్తుంది. ఆ గోడ మోసే పై అంతస్తు భారాన్ని ఉక్కు దూలంపై నిలుపుతారు. లండన్ బంకమట్టి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అందుచేత కొత్త పునాదిని తగినంత లోతుగా తవ్వుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సందును మూసివేస్తే, దానిలోనికి తెరచుకొనే నడిమి గది కిటికీకి వెలుగు అందదు. కొత్త గది వెలిగి, పాత గది చీకటిపాలవుతుంది! అందుకే పైకప్పులో గాజు పలకలు అమరుస్తారు. ఆకాశం నుండి నేరుగా దిగే వెలుగు లోపలి దాకా ప్రసరిస్తుంది. అలాగని కప్పంతా గాజుతో నింపరాదు. వేసవిలో గది కొలిమిలా వేడెక్కుతుంది. శీతకాలంలో వెచ్చదనం నిలువదు.

గాజు విక్టోరియా యుగానికి పరాయిది కాదు. 1845లో గాజుపై సుంకం, 1851లో కిటికీలపై పన్ను రద్దయ్యాయి. ఆ 1851లోనే జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన క్రిస్టల్ ప్యాలెస్ లండన్‌లో గాజుతో, ఇనుముతో వెలిసింది. కనుక పాత ఇటుక గోడ పక్కన గాజు కప్పు అమరడం వింత కాదు.

మన వెలుగు కోసం పొరుగువారి వెలుగును హరించడం న్యాయం కాదు. 20 సంవత్సరాలు నిరాటంకంగా ఒక కిటికీ గుండా వెలుతురు పొందినవారికి దానిపై హక్కు ఏర్పడుతుందని 1832 నాటి చట్టం గుర్తించింది. ఉమ్మడి గోడను తాకే పనులను గూర్చి పొరుగువారికి ముందుగా తెలియజేయాలని 1996 నాటి చట్టం నిర్దేశించింది.

పాతదానిని కూలగొట్టడం సులభం. దాని గుణాన్ని నిలుపుతూ లోపాన్ని సరిదిద్దడం కష్టం. ఆ కష్టానికి ఓర్చిన ఇంటిలోనే గతం, వర్తమానం ఒకే వెలుగులో కూర్చుండి భుజిస్తాయి.