తాతయ్య ‘ఇస్కూలు’లో తప్పేముంది?

‘ఇస్కూలుకి టైమయింది, లేవరా’ అని తాతయ్య అనగానే ఇంగ్లిషు మీడియం మనవడు కిసుక్కున నవ్వుతాడు. ఇంగ్లిషుకి నోరు తిరగదని వెక్కిరింపు. కానీ ఆ ‘ఇ’ వెనక పెద్ద కథే ఉంది.

ఒక్క ఊపులో పలికే ముక్కలో అచ్చులూ హల్లులూ ఎలా కలవాలన్న దానికి ప్రతి భాషకీ ఓ మూస ఉంటుంది. పరాయి మాట ఏదొచ్చినా ఆ మూసలో ఒదగాల్సిందే. హవాయి దీవుల్లో క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పాలంటే ‘మెలె కలికిమక’ అంటారు. అది అచ్చంగా మెరీ క్రిస్మసే! హవాయి భాషలో హల్లులు ఎనిమిదే. ‘ర’, ‘స’ లేవు. రెండు హల్లులు జంటగా రావు. ప్రతి ముక్కా అచ్చుతోనే ముగియాలి. అందుకే ‘ర’ చోట ‘ల’, ‘స’ చోట ‘క’ చేరాయి. మధ్యలో అచ్చులు దూరాయి. రెండు ముక్కల క్రిస్మస్ కాస్తా అయిదు ముక్కల కలికిమక అయింది.

ఇంగ్లిషులో ‘స్ట్రైక్’ ఒక్కటే ముక్క. జపాన్ బేస్‌బాల్ మైదానంలో అదే మాట ‘సు-తొ-ర-ఇ-కు’... అయిదు! స్పానిష్‌లో ఏ మాటా ‘స్క’, ‘స్ట’లతో మొదలవదు. లాటిన్ ‘స్కోలా’ అక్కడ ‘ఎస్క్వేలా’ అయింది. మన ఇస్కూలుకి అక్కలాంటిదే.

జార్జియా దేశం వాళ్లది పూర్తిగా వేరే దారి. ‘నువ్వు మా తొక్క ఒలుస్తున్నావు’ అనడానికి వాళ్లకో మాటుంది. అందులో ఒకే ఒక్క అచ్చు. దాని ముందు వరసగా ఎనిమిది హల్లులు! ఒక అక్షరం కింద ఏడు వత్తులు రాసినట్టన్నమాట.

ఇక తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటేనే దానికి హాయి. అందుకే బస్ బస్సయింది, రోడ్ రోడ్డయింది. ఇది ఇంగ్లిషుతో మొదలైంది కూడా కాదు. సంస్కృతం నుంచి వచ్చిన శ్రీని ‘సిరి’గా, స్నానాన్ని ‘తానం’గా ఏనాడో మార్చుకున్నాం.

పోనీ, ఇదంతా నాలుక బద్ధకమా? ఇమాన్యుయెల్ డ్యుపూ బృందం 1999లో ప్రచురించిన పరిశోధన కాదంటోంది. ‘ఎబ్జో’, ‘ఎబుజో’ లాంటి అర్థంలేని మాటల్ని ఫ్రెంచివాళ్లకీ జపాన్ వాళ్లకీ వినిపించారు. ఫ్రెంచివాళ్లు తేడాని ఇట్టే పట్టేశారు. జపాన్ వాళ్లకి మాత్రం ‘ఎబ్జో’లోనూ లేని ‘ఉ’ వినిపించింది! అంటే, అమ్మభాష నోటినే కాదు, చెవినీ తీర్చిదిద్దుతుందన్నమాట.

ఈసారి తాతయ్య ‘ఇస్కూలు’ అన్నప్పుడు మనవడు నవ్వితే, వాడికి కలికిమక కథ చెప్పండి. ఆ తర్వాత జార్జియా మాట ఇచ్చి పలకమనండి... ఎవరి నోరు తిరగదో తేలిపోతుంది!