ముందు మన లెక్క... తర్వాతే దాని జవాబు!

నెలాఖరుకి పాలబ్బాయి పుస్తకం తెచ్చి చూపిస్తాడు. మనం క్యాలెండర్ మీద రోజూ వేసుకున్న గీతలతో పోల్చి చూసుకుంటాం. రెండూ కలిస్తే డబ్బులిచ్చేస్తాం, తేడా వస్తే ఏ రోజు పాలు పొయ్యలేదో తేల్చుకుంటాం. కంప్యూటర్లో కంపైలర్ని పరీక్షించే పద్ధతీ ఇలాంటిదేనంటే నమ్ముతారా?

మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేదే కంపైలర్. 1952లోనే దీనికి దారి చూపినవారిలో ఓ మహిళ ఉన్నారు, అమెరికాకు చెందిన గ్రేస్ హాపర్. కంపైలర్ తప్పుగా మారిస్తే, ప్రోగ్రామ్ ఎంత బాగా రాసినా తప్పు జవాబే రావచ్చు. పాపం, రాసినవాళ్లు తమ పొరపాటేమోనని తల పట్టుకుంటారు! అందుకే కంపైలర్ తయారుచేసేవాళ్లు వేలకొద్దీ చిన్న ప్రోగ్రాములు రాసి, ఒక్కోదానికీ రావలసిన జవాబు ముందే రాసి పెట్టుకుంటారు. వచ్చింది దానితో కలవకపోతే ఎక్కడో లోపమున్నట్టే. అన్నానికైతే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, ఇక్కడలా కుదరదు. దొరికిన తప్పు దిద్దాక కూడా ఆ పరీక్షను తీసెయ్యరు, మళ్లీ రాకుండా కాపలా ఉంచుతారు.

మరి రావలసిన జవాబు ఏమిటో చెప్పేదెవరు? ఆ భాష నియమాలే. సి భాషలో 7ని 2తో భాగిస్తే 3 వస్తుంది, మూడున్నర కాదు. పూర్ణాంకాల భాగహారంలో మిగిలింది వదిలెయ్యాలన్నది అక్కడి నియమం. మైనస్ 7 అయితే? 1999 నాటి ప్రమాణం వచ్చేదాకా మైనస్ 3, మైనస్ 4 రెండూ ఒప్పే. ఆ తర్వాత మైనస్ 3 ఒక్కటే.

జవాబు ముందే తెలియని చోట ఒకే ప్రోగ్రామ్‌ని రెండు మూడు కంపైలర్లకిచ్చి పోలుస్తారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలా మూడేళ్లలో 325కు పైగా లోపాలు పట్టుకుని, 2011లో ఆ వివరాలు ప్రకటించారు.

విజయనగరంలో జె.ఎన్.టి.యు. కాలేజీ 2007లో, శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఆ తర్వాత మొదలయ్యాయి. కంప్యూటర్ చదువు మన ఊళ్లకి దగ్గరైంది. అయితే ల్యాబ్‌లో తెర మీద వచ్చిందే రికార్డులో ‘రావలసిన జవాబు’గా ఎక్కించే అలవాటు మంచిది కాదు. అది పాలబ్బాయి పుస్తకం చూసి క్యాలెండర్ మీద గీతలు వేసుకోవడమే! తప్పు పట్టుకునే వీలే పోతుంది. రేపు ఇదే పిల్ల ఆస్పత్రి యంత్రానికి ప్రోగ్రామ్ రాయొచ్చు. అక్కడ అంకె మారితే మందు మోతాదే మారిపోతుంది.

మీకు కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు. అమ్మాయి మీట నొక్కబోయే ముందు ఒక్క మాట అడగండి: “జవాబు ఎంత రావాలమ్మా?”