చుట్ట పొగ – కాలేయంలో ఎంజైమ్ అధికోత్పత్తి: వైద్యపరమైన ప్రాధాన్యం

అరకు లోయలో పండే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాఫీని ఒకే మోతాదులో సేవించినా, అందులోని కెఫీన్ అందరి శరీరాల్లో ఒకే వేగంతో తగ్గదు. పొగ తాగని పెద్దవారి రక్తంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. పొగ తాగేవారిలో ఇది సుమారు 3 గంటల్లోనే జరుగుతుంది. కెఫీన్‌ను విచ్ఛిన్నం చేసే సి.వై.పి. 1ఎ2 అనే కాలేయ ఎంజైమ్ వారిలో అధికంగా ఉత్పత్తి కావడమే ఇందుకు కారణం.

అధికోత్పత్తి జరిగే విధానం

పొగాకు కాలినపుడు వెలువడే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు కాలేయ కణాల్లోని ఒక గ్రాహకంతో బంధం ఏర్పరచుకుంటాయి. ఆ గ్రాహకం కేంద్రకంలోకి చేరి, ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువును ఉత్తేజపరుస్తుంది. ఈ ప్రభావం పొగ వల్ల కలిగేదే గాని నికోటిన్ వల్ల కాదు.

ఉత్తరాంధ్రలో చుట్టను, ముఖ్యంగా స్త్రీలు, నిప్పు ఉన్న కొనను నోటి లోపల ఉంచుకొని అడ్డపొగగా కాల్చే అలవాటు ఉంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులపై జరిపి, 1971లో ప్రచురించిన అధ్యయనం దీనివల్ల అంగుట్లో కలిగే మార్పులను వివరించింది. అంగుట్లోని మార్పు నోరు తెరిస్తే కనబడుతుంది. కాలేయంలోని మార్పు కనబడదు.

వైద్యపరమైన ప్రాధాన్యం

ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజాపిన్, ఒలాంజాపిన్ మందులను కూడా ఈ ఎంజైమే విచ్ఛిన్నం చేస్తుంది. అందువల్ల పొగ తాగేవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. అయితే ఆసుపత్రిలో చేరి చుట్ట మానిన రోగిలో ఎంజైమ్ సుమారు వారం రోజుల్లో సాధారణ స్థాయికి తగ్గుతుంది. అంతవరకు సరిపోయిన మోతాదే అప్పుడు అధికమవుతుంది. థియోఫిలిన్ మితిమీరితే వాంతులు, గుండెదడ, మూర్ఛలు రావచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

• రోగిని సిగరెట్టు గురించే కాక చుట్ట, అడ్డపొగ గురించి కూడా ప్రత్యేకంగా అడగాలి.
• చుట్ట మానిన రోజును వైద్యునికి తెలపాలి. మందు మోతాదును సొంతంగా మార్చుకోరాదు.
• నికోటిన్ బిళ్లలు వాడుతున్నా ఎంజైమ్ తగ్గుతుంది. కనుక మోతాదును పునఃపరిశీలించాలి.
• చుట్ట మానిన తరువాత కాఫీ తగ్గించాలి. లేనిచో పెరిగిన కెఫీన్ వల్ల కలిగే నిద్రలేమిని, ఆందోళనను పొగ మానినందువల్ల కలిగిన బాధగా పొరబడి, తిరిగి చుట్ట పట్టే ప్రమాదం ఉంది.

చుట్ట మానడం ఎల్లప్పుడూ శ్రేయస్కరమే. దానితోపాటు మందు మోతాదును సరిచూసుకోవడం అత్యవసరం.