చికిత్స ముగిసిన పిమ్మట

రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగి గాయము మానినంతనే గండము గడచినదని ఇంటివారు తలంతురు. కాని ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు ధైర్యముగా నున్న స్త్రీ, ఇల్లు చేరిన పిదప క్రుంగిపోవుట కద్దు. అప్పుడు ఇంటివారు చేయవలసిన దేమో చెప్పదలచితిమి.

తాండవ జలాశయపు చెంతనున్న నాతవరము వంటి ఊళ్ళవారికి అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమైన పథకము ఎన్‌టీఆర్ వైద్యసేవ అను పేర అర్హులైన పేదలకు క్యాన్సరు చికిత్సలో తోడ్పడుచున్నది. ఆ పిమ్మటి భారము ఇంటిదే.

మొదట చేతి సంగతి. చంకలోని లింఫు గ్రంథులను తీసివేసినచో ద్రవము నిలిచి ఆ వైపు చేయి వాచవచ్చును, భుజము బిగియవచ్చును. వైద్యుల అనుమతిపై, గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్ళను మెల్లగా పైకి ప్రాకించుట మంచి వ్యాయామము. కలుపు తీయునప్పుడు ముల్లు గ్రుచ్చుకొన్నను, కొడవలి గీచుకొన్నను వెంటనే కడిగి మందు వేయవలెను. చేయి ఎఱ్ఱబడి, వాచి, జ్వరము వచ్చినచో జాగు చేయరాదు.

కీమోథెరపీ వలన కలుగు అలసట సోమరితనము కాదు. రోజంతయు పరుండుటకంటె ఓపిక కొలది నడచుట మేలు. పథ్యము పేర పస్తు లుంచక పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు, ఆకుకూరలు పెట్టవలెను. ఊడిన జుట్టు సాధారణముగా మరల వచ్చును. హార్మోను మాత్రలు వ్రాసియిచ్చినచో, అయిదు నుండి పది సంవత్సరముల వరకు వాడవలసి యుండును. ఒంట్లో కులాసాగా నున్నదని మానరాదు.

ఇక మనస్సు. ఇది అంటువ్యాధి కాదు. ఆమెకు వేరు కంచము, వేరు గ్లాసు పెట్టుట ఆమెను నొప్పించుటయే. పేరంటమునకు పిలువకుండుటయు అట్టిదే. రూపము మారినదను బాధను ఆమె పైకి చెప్పకపోవచ్చును. భర్త మునుపటి చనువుతోనే మెలగవలెను. రవికలో అమర్చుకొను కృత్రిమ రొమ్ములును, పునర్నిర్మాణ శస్త్రచికిత్సయు కలవు. ఎన్నుకొనుట ఆమె ఇష్టము. రెండు వారములు దాటియు నిద్రపట్టక, దేనియందును ఆసక్తి లేక యున్నచో, అదియు చికిత్సకు లొంగునదే. 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును.

తనిఖీకి పోవలసిన తేదీలను గోడమీది కేలండరులో గుర్తింపుడు. ఆ దినమున ఇంటివారిలో ఒకరు పని మానుకొని ఆమె వెంట వెళ్ళవలెను. ఆ ప్రయాణము ఆమె ఒంటరిగా చేయవలసినది కాదు.